పెడల్ మెత్తబడిందంటే బండి ఏదో చెబుతున్నట్టే

పెద్దదోర్నాల నాలుగు దార్లు కలిసే ఊరు. ఒక దారి శ్రీశైలం పోతుంది. ఇంకోటి ఆత్మకూరు మీదుగా కర్నూలు, నంద్యాల వైపు. మూడోది మార్కాపురం, నాలుగోది యర్రగొండపాలెం మీదుగా మాచర్ల. మొదటి రెండూ నల్లమల అడవిలోంచే. అంటే ఇక్కణ్ణుంచి బయల్దేరే బండ్లలో సగం ఏదో ఒక ఘాట్ ఎక్కి దిగాల్సిందే. కారుకి, బైకుకి అదేమంత పెద్ద విషయం కాదు. వెనక ఏదో ఒకటి తగిలించుకుని పోయే బండికి మాత్రం అది పరీక్షే.

అలాంటివి ఈ వైపు తక్కువేం కాదు. స్లాబు వేయడానికి మిల్లరు లాక్కెళ్లే పికప్‌లు, బండలు పగలగొట్టే కంప్రెసర్లు, శివరాత్రికి కొండకి పోయే జనరేటర్లు. ఇక ఇంజను వెనక ట్రక్కు తగిలించుకున్న ట్రాక్టర్ల సంగతి చెప్పనక్కర్లేదు. మన దగ్గర ట్రక్కు అంటే ట్రాక్టర్ వెనక తొట్టే కదా!

ఈ మధ్య ఒక పికప్ డ్రైవరు అడిగిన ప్రశ్న ఇది. "అన్నా, ఖాళీ బండికి బ్రేకు గట్టిగానే ఉంటది. మిల్లరు తగిలించి శ్రీశైలం నుంచి దిగొచ్చేసరికి పెడల్ మెత్తబడి నేలకి అంటుకుంటది. కింద టీ తాగి అరగంట ఆగితే మళ్లీ మామూలే. మెకానిక్ ఆయిల్ పోశాడు. రెండ్రోజులు బాగుంది, మళ్లీ అంతే. ఓనరేమో ఈ ట్రిప్పు వేసి రా, తర్వాత చూద్దాం అంటాడు. ఏం చెయ్యమంటావు?"

ఈ నాలుగు ముక్కల్లోనే సగం జవాబు ఉంది. ఎలాగో చూద్దాం.

గాలి నొక్కుకుపోతుంది, ఆయిల్ నొక్కుకుపోదు

హైడ్రాలిక్ బ్రేకు మొత్తం ఒకే ఒక్క సూత్రం మీద నడుస్తుంది. మూసిన గొట్టంలో ఉన్న ద్రవాన్ని ఒక చివర నొక్కితే ఆ ఒత్తిడి అన్ని చివరలకీ సమానంగా చేరుతుంది. పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన మాట ఇది. దాన్ని నాలుగు చక్రాలకీ బిగించి అమ్మకానికి తెచ్చిన మొదటి కారు 1921 నాటి డ్యూసెన్‌బర్గ్. ఈ రోజు మన పికప్‌లో ఉన్నదీ అదే పద్ధతి. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ కదులుతుంది, పైపుల్లో ఆయిల్ కదులుతుంది, ముందు డిస్కుల దగ్గర ప్యాడ్లు, వెనక డ్రమ్ముల్లో షూలు వెళ్లి పట్టుకుంటాయి.

ఇందులో కదిలే ఆయిల్ ఎంతో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అంగుళం బోరు ఉన్న మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ఒక మిల్లీమీటరు కదిలితే బయటికెళ్లేది అర సీసీ. మొత్తం తొక్కినా పదిహేను సీసీల లోపే. ఇంత కొంచెం ఆయిల్‌తో మూడు టన్నుల బండిని ఆపుతున్నాం. అందుకే ఎక్కడ ఒక్క సీసీ దారి తప్పినా పెడల్ కింద మనకి తెలుస్తుంది.

ఒక సీసీ గాలి పైపులో చేరిందనుకోండి. తొక్కినప్పుడు ఆ గాలి నొక్కుకుపోయి దాదాపు మాయమైపోతుంది. ఆ జాగా నింపడానికి మాస్టర్ పిస్టన్ రెండు మిల్లీమీటర్లు అదనంగా పోవాలి. పెడల్‌కి పిస్టన్‌కి మధ్య నాలుగింతల లీవరు ఉంటే, మీ పాదం కింద ఎనిమిది మిల్లీమీటర్లు. అదీ ఒక్క సీసీకే! స్పాంజి తొక్కినట్టు ఉంది అనేది దీన్నే.

బండి నిలబెట్టి పాదంతో అడగండి

మెత్తబడింది అనే ఒక్క మాటలో కనీసం ఐదు జబ్బులున్నాయి. ఏదో తెలియకుండా "ఆయిల్ పొయ్యి", "మాస్టర్ కిట్ మార్చు" అనడం, జ్వరం అనగానే ఏ మాత్ర దొరికితే అది మింగినట్టే. సమంగా ఉన్న చోట బండి ఆపి, చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు ఈ పరీక్షలు చేయండి. పానాలు అవసరం లేదు.

మొదటిది. పెడల్‌ని టకటకా నాలుగైదు సార్లు తొక్కండి. తొక్కేకొద్దీ పైకి లేచి గట్టిగా రాయిలా నిలబడితే, గాలి కాదు. వెనక డ్రమ్ముల్లో షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగింది. లైనర్లు అరిగాయి, లేదా అడ్జస్టరు తుప్పు పట్టి పని చేయడం లేదు. పైకి లేచినా లోపల స్ప్రింగు ఉన్నట్టు ఊగుతుంటే, అది గాలి.

రెండోది. తొక్కిన పెడల్‌ని ఒక నిమిషం అలాగే ఒకే బలంతో పట్టుకోండి. మెల్లమెల్లగా కిందికి జారిపోతుంటే ఒత్తిడి ఎక్కడో తప్పించుకుంటోంది. ట్యాంకులో ఆయిల్ మట్టం తగ్గుతుంటే బయటికి కారుతున్నట్టు. ప్రతి చక్రం లోపలివైపు, హోస్ పైపుల బిగింపుల దగ్గర, వెనక యాక్సిల్ మీది పైపుల దగ్గర తడి కోసం చూడండి. డ్రమ్ము వెనక ప్లేటు తడిగా ఉంటే వీల్ సిలిండర్ పోయింది. ఎక్కడా తడి లేదు, మట్టం తగ్గలేదు, అయినా పెడల్ జారుతోందంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు ఆయిల్‌ని వెనక్కి వదిలేస్తున్నాయి. ఒక్కోసారి మాస్టర్ నుంచి కారినది బూస్టర్ లోపలికి పోతుంది. అప్పుడు బయట తడి కనపడదు గానీ మట్టం మాత్రం తగ్గుతుంది.

మూడోది. ఇంజను ఆపి, పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కి బూస్టర్‌లోని వాక్యూమ్ ఖాళీ చేయండి. పెడల్ తొక్కి పట్టుకునే ఇంజను స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగితే బూస్టర్ బాగుంది. దిగకపోతే బూస్టరో, దాని వాక్యూమ్ పైపో, వాక్యూమ్ పంపో చూడాలి. బూస్టర్ పోతే పెడల్ మెత్తబడదు, మొండిగా గట్టిపడుతుంది. చాలామంది ఈ రెండింటినీ కలిపి "బ్రేకు పడట్లేదు" అనేస్తారు. మెకానిక్‌కి ఆ తేడా చెప్పగలిగితే సగం రోజు మిగిలినట్టే.

నాలుగోది పరీక్ష కాదు, జ్ఞాపకం. ఎప్పుడు మెత్తబడుతోంది? పొద్దున్నే చల్లని బండికా, ఘాట్ దిగాకనా? చల్లారితే తిరిగొస్తోందా? మన డ్రైవరు చెప్పింది సరిగ్గా ఇదే. చల్లగా ఉంటే గట్టి, ఘాట్ దిగాక మెత్తన, అరగంట ఆగితే మళ్లీ గట్టి. గాలి చొరబడితే పొద్దున కూడా మెత్తగానే ఉండాలి. మాస్టర్ పోతే టీ తాగినంత మాత్రాన బాగుపడదు. వేడికి వచ్చి, చల్లారితే పోయేది ఒక్కటే. పైపుల్లో ఆయిల్ మరుగుతోంది.

28 లీటర్ల నీళ్లు మరిగించేంత వేడి

బ్రేకు చేసే పని వేగాన్ని వేడిగా మార్చడం. లోడుతో మూడు టన్నుల బండి 300 మీటర్ల ఎత్తు నుంచి దిగి వచ్చిందనుకుందాం. బ్రేకుల మీదే ఆధారపడితే, పుట్టే వేడితో 28 లీటర్ల నీళ్లని గది వేడి నుంచి సలసల మరిగేదాకా కాచొచ్చు. వెనక బ్రేకుల్లేని టన్ను బరువు తగిలిస్తే ఆ వేడి 37 లీటర్లకి సరిపోతుంది. ఆ అదనపు తొమ్మిది లీటర్ల వేడిని భరించేది మిల్లరు చక్రాలు కాదు, మీ పికప్ డిస్కులూ డ్రమ్ములే.

ఇప్పుడు ఆయిల్ సంగతి. బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది ఇంజనాయిల్ లాంటి నూనె కాదు. డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతివి. గాలిలోని తేమని మెల్లగా పీల్చుకోవడం వాటి గుణం. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే కొత్తది 230, తడిసింది 155. ఈ రెండు అంకెల మధ్య తేడాయే కొత్త ఆయిల్‌కీ, నాలుగేళ్లు మార్చని ఆయిల్‌కీ మధ్య తేడా. ఎండాకాలంలో 45 డిగ్రీలు తాకే మన వైపు, ఘాట్ దిగేటప్పుడు వీల్ సిలిండర్ దగ్గర 140 దాటడం వింతేం కాదు. మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి కూడా గాలి లాగే నొక్కుకుపోతుంది. పెడల్ నేలకి పోతుంది. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవం అవుతుంది, పెడల్ లేస్తుంది. దెయ్యం పట్టిందేమో అనిపించే జబ్బు ఇదే!

మరి మెకానిక్ పోసిన కొత్త ఆయిల్ ఏమైంది? పైన ట్యాంకులో పోసింది ట్యాంకులోనే ఉంది. చక్రాల దగ్గర ఉడికేది పాతదే. రెండ్రోజులు బాగుంది అంటే ఆ రెండ్రోజులు ఘాట్ దిగలేదేమో అడిగి చూడండి. పైగా ఇంకో నష్టం కూడా జరిగింది. మట్టం ఎందుకు తగ్గిందో ఎవరూ అడగలేదు. బ్రేక్ ఆయిల్ ఇంజనాయిల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ప్యాడ్లు, లైనర్లు అరిగి పిస్టన్లు ముందుకొచ్చాయి, లేదా ఎక్కడో కారుతోంది. కారణం చూడకుండా నింపేస్తే, ఆ ఆధారం పోయినట్టే.

గాలి తీయడంలో ఓపికే ముఖ్యం

ఆయిల్ మొత్తం మార్చి ఎయిర్ తీయడం ఇద్దరి పని. మాస్టర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. కుడిచేతి స్టీరింగ్ బండికి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మీ బండి పుస్తకంలో వేరే వరస ఉంటే అదే పాటించండి. నిపిల్‌కి తెల్ల పైపు తగిలించి దాని కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. లోపలివాడు తొక్కి పట్టుకోవాలి, బయటివాడు నిపిల్ వదిలి మళ్లీ బిగించాలి, బిగించాకే లోపలివాడు కాలు తీయాలి. కాలు ముందు తీస్తే తీసిన గాలి మళ్లీ లోపలికి. బుడగలు ఆగి, శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా ఇదే పని. మధ్యలో ట్యాంకు ఎండిపోకూడదు. సీసాలో పట్టిన ఆయిల్ తిరిగి పోయకూడదు. పాత మాస్టర్ అయితే పెడల్ చివరిదాకా తొక్కొద్దు. ఎప్పుడూ పిస్టన్ వెళ్లని చోట తుప్పు ఉంటుంది, అక్కడ రబ్బరు చిరుగుతుంది. ఏబీఎస్ ఉన్న బండ్లకి కొన్నిటికి కంప్యూటర్ తగిలించి తీయాలి, వాటిని ఇంటి దగ్గర కెలకొద్దు.

ఎంత తీసినా మెత్తగానే ఉంటే? సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరకనప్పుడు ప్రోగ్రామ్‌ని సగానికి కోసి, తప్పు ఏ సగంలో ఉందో ముందు తేలుస్తాం. ఇక్కడా అదే. మాస్టర్ సిలిండర్ బయటి రంధ్రాలకి తగిన ప్లగ్గులు బిగించి తొక్కితే పెడల్ రాయిలా నిలబడాలి. నిలబడితే మాస్టర్ బాగుంది, తప్పు కింద ఉంది. నిలబడకపోతే మాస్టరే. ఒక్క పైపు కలిపి తొక్కి, తర్వాత ఇంకోటి కలిపి తొక్కితే దొంగ ఏ చక్రం దగ్గర ఉన్నాడో తేలిపోతుంది. మూడు సామాన్లు అనవసరంగా మార్చే ఖర్చు తప్పుతుంది.

వెనక యాక్సిల్ దగ్గర చాలా పికప్‌లకి ఒక చిన్న వాల్వు ఉంటుంది. దాని కడ్డీ యాక్సిల్‌కి కలిసి ఉంటుంది. లోడు పడి బండి కిందికి కుంగితే వెనక బ్రేకుకి ఎక్కువ ఒత్తిడి పంపుతుంది, ఖాళీగా పైకి లేచి ఉంటే తగ్గిస్తుంది. ఇప్పుడు మనవాళ్లు చేసే పనేంటి? ఎక్కువ లోడు వేయడానికి కమాన్ పట్టీలు అదనంగా వేయిస్తారు. టన్నున్నర వేసినా బండి కుంగదు. వాల్వు పాపం ఖాళీ బండే అనుకుని వెనక బ్రేకుని తగ్గించేస్తుంది. భారమంతా ముందు డిస్కుల మీద పడుతుంది, అవి ఇంకా వేడెక్కుతాయి. పట్టీలు వేయించినవాళ్లు ఆ కడ్డీని ఒకసారి చూపించుకోవాలి.

వెనక తగిలించినదానికి బ్రేకు ఎలా?

కొందరు తెలివిగా ఆలోచిస్తారు. పాత పికప్ యాక్సిల్‌తో ట్రెయిలర్ చేయించి, దాని డ్రమ్ములకి బండి బ్రేకు పైపు నుంచే టీ జాయింటు పెట్టి లైను లాగుతారు. ఆలోచన మంచిదే, లెక్కే కుదరదు. రెండు డ్రమ్ముల్లో నాలుగు పిస్టన్లు. ఒక్కోటి 22 మిల్లీమీటర్ల వ్యాసం, ఒకటిన్నర మిల్లీమీటర్లు కదలాలి అనుకుందాం. మొత్తం దాదాపు 2.3 సీసీల ఆయిల్ అదనంగా కావాలి. పెడల్ దగ్గర అది 18 మిల్లీమీటర్లు. పొడుగాటి రబ్బరు పైపుల సాగుడు దీనికి అదనం. ఎంత ఎయిర్ తీసినా పెడల్ మెత్తగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ గాలి లేదు, మాస్టర్‌కి శక్తికి మించిన పని ఉంది. పైగా ఆ పైపు ఎక్కడైనా తెగితే మీ బండి బ్రేకు సగం దానితోపాటే పోతుంది.

సరైన దారి ట్రెయిలర్‌కి దాని బ్రేకు దానికే ఉండటం. అమెరికాలో పడవలు లాక్కెళ్లే ట్రెయిలర్ల హుక్కు దగ్గరే ఒక చిన్న మాస్టర్ సిలిండర్ ఉంటుంది. ముందు బండి ఆగబోతే వెనకది ముందుకు తోస్తుంది కదా, ఆ తోపుడే దాన్ని నొక్కి ట్రెయిలర్ చక్రాలని పట్టిస్తుంది. బండి ఆయిల్‌తో సంబంధమే లేదు. కాబట్టి అలాంటి బండికి పెడల్ మెత్తబడితే ట్రెయిలర్‌ని అనుమానించక్కర్లేదు. బ్రిటన్‌లో 750 కిలోలు దాటిన ట్రెయిలర్‌కి సొంత బ్రేకు ఉండి తీరాలి. మనం గుర్తుపెట్టుకోదగ్గ అంకె అది. తగిలించే ముందు బండి పుస్తకంలో లాగడానికి అనుమతి ఉందో, ఎంత బరువు వరకో, ఆర్‌సీ, ఇన్సూరెన్సు ఏమంటున్నాయో చూసుకోండి.

ట్రాక్టరు వాళ్లకి ఒక్క మాట. పొలంలో మలుపు కోసం కుడి ఎడమ బ్రేకులు విడివిడిగా ఉంటాయి. రోడ్డెక్కే ముందు రెండు పెడల్‌లూ కలిపే లాకు వేయండి. లోడు ట్రక్కు వెనక ఉండగా ఒక్కవైపు బ్రేకు పడితే ఇంజను అడ్డం తిరుగుతుంది.

గేటు మూస్తారని తొందరపడొద్దు

శ్రీశైలం దారి సుమారు 50 కిలోమీటర్లు, పులుల అభయారణ్యం లోంచి. రాత్రిపూట గేటు మూస్తారు. ఆ గేటు అందుకోవాలనే తొందరలోనే చాలామంది బ్రేకుల్ని కాల్చుకుంటారు. ఎక్కిన గేరులోనే దిగాలి, దిగడం మొదలు కాకముందే గేరు తగ్గించాలి. బ్రేకు మీద కాలు ఆన్చి ఉంచకుండా, ఒకసారి గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయాలి. చల్లారే సమయం దానికి కావాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం పిచ్చి పని. ఇప్పటి డీజిల్ ఇంజన్లు గేరులో దిగేటప్పుడు, కాలు తీస్తే డీజిల్‌ని దాదాపు ఆపేస్తాయి. ఇంజనే ఆపేస్తే రెండు మూడు తొక్కులకి బూస్టర్ బలం అయిపోతుంది.

దారిలోనే పెడల్ పోయిందా? టకటకా తొక్కుతూ ఉండండి, కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. గేర్లు ఒక్కొక్కటిగా దించండి. హ్యాండ్ బ్రేకు ఒక్కసారిగా గుంజకుండా కొంచెం కొంచెంగా లాగండి. లైట్లు, హారన్ వేయండి. ఇంకేం దారి లేకపోతే లోయ వైపు కాదు, కొండ వైపు గట్టుకి రాసుకుని ఆపండి. బండి పోతే ఇన్సూరెన్సు ఉంది.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. సీట్ల కంటే ఎంతో ఎక్కువమంది అందులో ఉన్నారు. బస్సు వేరు, పికప్ వేరు. కానీ ఘాట్‌కి లెక్క ఒకటే: బరువు, ఎత్తు, వేడి.

మన డ్రైవరు విషయానికొస్తే, ఆయిల్ మొత్తం మార్పించి, వెనక షూలు అడ్జస్ట్ చేయించాడు. సీసాలోకి దిగిన పాత ఆయిల్ చిక్కటి డికాషన్ రంగులో ఉందట. రంగు చూసి నీరెంతో చెప్పలేం గానీ, ఏళ్లు గడిచాయని మాత్రం చెప్పొచ్చు. రెండేళ్లకోసారి మార్చాల్సిన వస్తువు అది. లీటరు ఆయిల్, ఒక పూట పని. ఇప్పుడు కిందికి దిగాక కూడా పెడల్ నిలబడుతోంది. బ్రేకుల్లేని మిల్లరుని మాత్రం ఇక ఘాట్ ఎక్కించను, డీసీఎంలో వేసి పంపమని ఓనరుకి చెప్పాడు. ఓనరు కిరాయి లెక్క వేసుకుని మొదట గొణిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు.

ఓనర్లకి చెప్పేది కూడా ఇదే. మీ డ్రైవరు "అన్నా, పెడల్ మెత్తగుంది" అంటే అది సాకు కాదు. ఆ బండిలో పాదం పెట్టి కూర్చునేది ఆయన. బండి చెప్పే మాట ముందు వినపడేది ఆ పాదానికే. ఆ ఒక్క ట్రిప్పు రేపటికి వాయిదా వేయండి. శ్రీశైలం ఎక్కడికీ పోదు.